షెడ్డు దగ్గరి కుక్కకు సీసం అంటకుండా చూసుకోవడం ఎలా

బెంగళూరు పారిశ్రామిక ప్రాంతం పీణ్యాలో మా షెడ్డు గేటు దగ్గర కరియ అనే నల్ల కుక్క ఉంటుంది. పేరు కన్నడంలో పెట్టారు గానీ హిందూపురం వెల్డరు తెలుగులో పిలిచినా, బిహారు కుర్రాడు హిందీలో కసిరినా దానికి అర్థమవుతుంది. రెండేళ్ల కిందట అది ఉన్నట్టుండి తిండి మానేసింది. రెండు రోజులకోసారి వాంతి, మిగతా వేళ నీరసం. బెంగళూరులో వీధికుక్క నీరసపడితే అందరికీ ముందు తట్టేది పిడుదు జ్వరమే. పదిహేను రోజులు దానికి మాత్రలు మింగించాం. తగ్గలేదు. ఒక రాత్రి కాపలాదారు ఫోను చేసి, కుక్క ఖాళీ గోడకేసి ఆగకుండా మొరుగుతోందని, పిలిస్తే తనను గుర్తుపట్టడం లేదని చెప్పాడు. మర్నాడు చూపించిన రెండో డాక్టరు దాని మీద చెయ్యి వెయ్యకముందే ఒక ప్రశ్న వేశారు. “ఇది ఎక్కడ పడుకుంటుంది?”

పక్క సందులో పాత బ్యాటరీలు విప్పే షాపు వెనక, వెచ్చటి బూడిద కుప్ప మీద. రక్తం పంపిస్తే సీసం తేలింది.

ఈ జబ్బును పట్టిచ్చేది కుక్క ఒంటికన్నా అది తిరిగే చోటే. ఆ చోటు సంగతి డాక్టరుకు తెలియదు, మీకు తెలుసు. మీ షెడ్డు, గోదాము, దుకాణం, గ్యారేజీ దగ్గర ఒక కుక్క బతుకుతూ ఉంటే, కింద రాసినవాటిలో మొదటి రెండు పనులు ఈ వారమే చేయండి. మిగతావి వాటి వెనకాలే వస్తాయి.

కుక్క ఎత్తు నుంచి చూడండి

షట్టరు తెరవకముందు ఒక రోజు పెందలాడే వెళ్లి, కుక్క పడుకున్న చోటికి నాలుగడుగుల దూరంలో గొంతుక్కూర్చోండి. నిలబడి చూస్తే శుభ్రంగా కనిపించే నేల, అడుగున్నర ఎత్తు నుంచి చూస్తే వేరుగా ఉంటుంది. యంత్రం కాళ్ల సందుల్లో బూడిదరంగు పొడి, గోడ మూల రాలిన రంగు పెచ్చులు, డ్రమ్ము కింద ఎండిపోయిన పసుపు మరక, ఊడ్చి ఒక పక్కకు నెట్టిన రజను అన్నీ అక్కడ కనబడతాయి. కుక్క ముక్కు రోజంతా ఉండేది ఆ ఎత్తులోనే.

ఒక కాగితం మీద మూడు చోట్లు గుర్తు పెట్టుకోండి: ఎక్కడ పడుకుంటుంది, ఎక్కడ నీళ్లు తాగుతుంది, ఎక్కడ తింటుంది. పగలు, రాత్రి వేరు వేరుగా రాయండి. డిసెంబరు, జనవరి చలిలో కుక్కలు వెచ్చదనం వెతుక్కుంటాయి. జనరేటరు వెనక, కొలిమి బూడిద మీద, కంప్రెసర్ పక్కన చేరతాయి. వేసవిలో అదే కుక్క తడి నేల కోసం యంత్రాలు కడిగిన నీళ్లు నిలిచే గుంటలో పడుకుంటుంది. మా కరియ చలికాలపు పడక మాకు పగలు కనిపించకపోవడం వల్లే అంతదాకా వచ్చింది.

తరువాత ఒక తెల్ల గుడ్డ తడిపి, మీకు మచ్చికైన కుక్కయితే దాని అరికాళ్లు, పొట్ట కింది భాగం మెల్లగా తుడవండి. గుడ్డ నల్లబడిందంటే అందులో సీసం ఉందని కాదు. రంగును బట్టి లోహం పేరు చెప్పలేం. కానీ నేలమీది పొడి ఎంత దాని ఒంటికి చేరుతోందో కళ్లకు కడుతుంది. కుక్క సీసపు ముక్క మింగనక్కరలేదు. రోజుకు పదిసార్లు పాదాలు నాక్కుంటుంది, బొచ్చు నాక్కుంటుంది. ఒంటికి అంటింది నాలుక మీదుగానే కడుపులోకి పోతుంది.

చుట్టుపక్కల ఏ పని జరుగుతోందో తెలుసుకోండి

మీ షెడ్డు ఒక్కటే చూస్తే చాలదు. వీధికుక్క అద్దె ఒప్పందం చూసి తిరగదు. రెండు వందల అడుగుల దూరంలో ఎవరెవరు ఏమి చేస్తున్నారో చూసి రండి.

బ్యాటరీల పని అన్నిటికన్నా ముందు అనుమానించాల్సింది. కారు, ఇన్వర్టర్ బ్యాటరీల లోపలి పలకలన్నీ సీసమూ, సీసపు సమ్మేళనాలే. పాతవి పగలగొట్టి పలకలు తీసేటప్పుడు రాలే బురద ఎండిపోతే మెత్తటి పొడి అవుతుంది. కరిగించే చోట ఆవిరి, బూడిద. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది, అందుకే చిన్న పొయ్యి మీద కూడా పని కానిచ్చేస్తుంటారు. అనుమతి లేకుండా సందుల్లో ఇలా కరిగించడం చట్ట విరుద్ధం. బ్యాటరీ వ్యర్థాలకు 2001 నుంచీ నియమాలున్నాయి, 2022లో కొత్తవి వచ్చాయి. అయినా జరుగుతూనే ఉంటుంది.

టైర్ల షాపులో చక్రం బ్యాలెన్సింగ్‌కు అంచున బిగించే చిన్న బిళ్లలు చూడండి. వాటిలో పాతవి చాలావరకు సీసమే. వేలెడు పొడవు ముక్క, చూడటానికి బూడిదరంగులో మెత్తగా ఉంటుంది, గోటితో గీస్తే గీత పడుతుంది. కుక్కపిల్లలు ఇలాంటివి నోట కరుచుకుని ఆడతాయి, ఆటలో మింగేస్తాయి. కుక్కపిల్లలకు ఇంకో చిక్కు కూడా ఉంది. కడుపులో పడిన సీసంలో పెద్ద కుక్క ఒంటికి పట్టేదానికన్నా పిల్ల ఒంటికి పట్టే భాగం చాలా ఎక్కువ.

ఎలక్ట్రానిక్ సామాను బాగుచేసే చోట టంకపు తీగ ముక్కలు రాలుతుంటాయి. మామూలు టంకంలో 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం. ఎలక్ట్రానిక్ సామాను అంగళ్లు కిక్కిరిసిన మా ఎస్పీ రోడ్డు లాంటి చోట ఇవి దుకాణాల గడప దాకా వస్తాయి. గుజరీ (తుక్కు) అంగళ్ల వెనక రాగి కోసం తీగలు కాల్చే చోటైతే ఇంకా చెడ్డది, ఆ బూడిదలో ఏమేమి కలిసి ఉంటాయో లెక్క కట్టలేం. వర్షం పడితే ఆ బూడిద కారి ఎక్కడ నిలుస్తుందో కూడా చూసుకోండి.

రంగు విషయంలో జనం పొరబడేది ఒకటుంది. మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి ఇళ్లకు వేసే రంగులలో, అలంకరణ రంగులలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించకూడదు. ఆ నియమం ఇంటి రంగులకే. యంత్రాలకు, ఇనుప కట్టడాలకు వేసే పారిశ్రామిక రంగులు దాని కిందికి రావు. పైగా ఆ తేదీకి ముందు వేసిన రంగు ఇప్పటికీ గోడల మీద, కిటికీ ఊచల మీద ఉంది. డబ్బా మీద ‘రెడ్ ఆక్సైడ్’ అని ఉంటే ఆ ఎరుపు ఇనుపది. ‘రెడ్ లెడ్’ అని ఉంటే సీసం. రెండూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి పేరు చదవాల్సిందే.

ఫ్యాబ్రికేషన్ షెడ్లలో సీసంకన్నా జింకు గురించి ఎక్కువ ఆలోచించాలి. జీఐ నట్లు, వాషర్లు, బోల్టుల పైపూత జింకే. కుక్క మింగిన నట్టు కడుపులో ఆమ్లానికి కరుగుతుంది, ఆ జింకు ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఇది రోజుల్లో ప్రాణం మీదికి వచ్చే సంగతి, సీసంలా నెలల తరబడి సాగేది కాదు.

పూత పనులు, అంటే ఎలక్ట్రోప్లేటింగ్, మా పీణ్యాలో చాలా ఉన్నాయి. ఈ ప్రాంతపు భూగర్భ జలాల్లో క్రోమియం, అందులోనూ విషపూరితమైన ఆరు వేలెన్సీ రూపం, ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. నేల మీద పసుపు, నారింజ రంగు నీళ్లు నిలిచి ఉంటే కుక్కను ఆ వైపు పోనివ్వకండి. ఆ నీరు పాదాల మధ్య చర్మాన్ని పుండ్లు పడేలా కాలుస్తుంది, నాకితే లోపలా కాలుస్తుంది. కొన్ని పూతలకు సయనైడ్ తొట్లు వాడతారు, అది తాగిన కుక్కకు డాక్టరు దాకా వెళ్లే వ్యవధి దొరకదు. ఇలాంటి యూనిట్‌కు గేటు కింది సందు మూయించడం ఒక్కటే పరిష్కారం.

లేత్ పనిలో రాలే ఇనుప రజనుకు పెద్దగా భయపడనక్కరలేదు. పాదాలు కోస్తుంది గానీ విషం కాదు. ఇత్తడి తిప్పే లేత్ అయితే వేరు. సులువుగా కోయడానికి ఇత్తడిలో నూటికి రెండు మూడు పాళ్లు సీసం కలుపుతారు. ట్యూబులైటు పగిలితే పాదరసపు ఆవిరి పైకి లేస్తుంది కాబట్టి కుక్కను, మనుషులను బయటికి పంపి కిటికీలు తెరవండి. కాసేపయ్యాక గాజు ముక్కలను అట్టతో ఎత్తండి, చీపురు వద్దు.

పడక, నీళ్లు, తిండి మార్చండి

కుక్కను తరిమేస్తే సమస్య పోదు. అది ఇంకో సందులో ఇంకో బూడిద కుప్ప వెతుక్కుంటుంది. అక్కడ మీరు చూడలేరు. దానికి మెరుగైన చోటు చూపించడమే తేలిక.

సరుకు కింద వేసే చెక్క ప్యాలెట్ ఒకటి, గాలి వచ్చే వైపు, పని జరిగే చోటికి దూరంగా గోడవారన పెట్టండి. నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఉంటే చాలు, పొడి కిందే ఉండిపోతుంది. మీద గోనె సంచి వేయకండి, అందులో దుమ్ము చేరితే దులపడమే కష్టం. వారానికోసారి ఉతకగల పాత దుప్పటి వేయండి. చలికాలంలో అక్కడ వెచ్చగా లేకపోతే కుక్క ఒక్క రాత్రి కూడా పడుకోదు, కాబట్టి మూడు వైపులా అట్టపెట్టె కట్టండి. అదే సమయంలో పాత పడకను మూసేయాలి. మేము బూడిద కుప్ప మీద రేకు కప్పించి, చుట్టూ ఇటుకలు పేర్చాం.

నీళ్లకు ఒక బరువైన తొట్టి. బోరు నీళ్లు పోయకండి, మీరు తాగే క్యాను నీళ్లే పోయండి. రోజూ పొద్దున్నే పారబోసి కడిగి నింపాలి. మూత లేని తొట్టిలో సాయంత్రానికి ఎంత పొడి పడుతుందో నీటి పైన తెట్టు చూస్తేనే తెలుస్తుంది. రేడియేటర్లలో పోసే కూలెంట్ లోహం కాదు గానీ, దాని తీపి రుచికి కుక్కలు ఎగబడతాయి. కొద్దిగా తాగినా మూత్రపిండాలు పోతాయి. ఒలికితే వెంటనే రంపపు పొట్టు చల్లి ఎత్తేయండి.

తిండి దగ్గర మనందరం చేసే తప్పు ఒకటుంది. పదకొండు గంటలకు టీ వస్తుంది. కుర్రాళ్లు గ్లూకోజ్ బిస్కెట్ విరిచి నేల మీదికి విసురుతారు. కుక్క దాన్ని నాలుకతో అద్దుకుని తీసుకుంటుంది. బిస్కెట్ పోయాక కూడా ఆ చోటును రెండు మూడుసార్లు నాకుతుంది. ఆ నేల మీద ఉన్నది అంతా బిస్కెట్‌తో పాటు పోయినట్టే. స్టీలు పళ్లెం ఒకటి గోడకు తగిలించి ఉంచండి, అందులోనే పెట్టాలని అందరికీ చెప్పండి. విసరకుండా పెట్టడానికి రెండడుగులు నడవాలి, అంతే.

ఖాళీ కడుపుతో ఉన్న జంతువు ఒంటికి సీసం ఎక్కువగా పడుతుంది. కాల్షియం, ఇనుము తక్కువైన ఒంటికి ఇంకా ఎక్కువగా పడుతుంది. సీసం కాల్షియం వేషం వేసుకుని ఎముకల్లోకి చేరే రకం. అందుకే వేళ తప్పకుండా కడుపు నింపడం కూడా కాపుదలలో భాగమే. రాగి సంకటిలో కాస్త పెరుగు, ఉడికించిన గుడ్డు కలిపితే మన ప్రాంతానికి తగిన తిండి. ఇది మందు కాదు, విరుగుడు అసలే కాదు. తిండి ఎక్కడ పెట్టాలనే దాని మీద నగర పాలక సంస్థ నియమాలుంటే అవి పాటించండి.

నేలను పొడి చీపురుతో ఊడవకండి. నీళ్లు చల్లి, తడి గుడ్డతో తుడిచి, ఆ నీళ్లను వీధిలో కాకుండా డ్రమ్ములో పోయండి. కంప్రెసర్ గాలితో బట్టల దుమ్ము దులుపుకోవడం మన షెడ్లలో మామూలే. మా కుర్రాడు ఒకడు ముచ్చటపడి కుక్కకు కూడా అలాగే దులిపేవాడు. ఆ దుమ్మంతా ఇద్దరి ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

ఏడాదిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన వారం ఆయుధ పూజకు ముందు వస్తుంది. ప్రతి షెడ్డులో యంత్రాల పాత రంగు గీకుతారు, రుద్దుతారు, కొత్త రంగు వేస్తారు. ఆ నాలుగు రోజులు కుక్కను వేరే చోట కట్టి ఉంచండి, గీకే ముందు రంగును తడపండి, పెచ్చులను సంచిలో కట్టండి. పూజనాడు దాని నుదుటన బొట్టు పెట్టడానికి అది ఒంటిమీద సోయతో ఉండాలి కదా.

పక్క దుకాణం యజమానితో మాట్లాడటం ఒక కళ. పోట్లాటకు వెళితే గేటు మూసుకుంటాడు. నేను వెళ్లినప్పుడు బ్యాటరీ షాపాయన నవ్వేశాడు. “కుక్కకేమవుతుంది సార్? ముప్పై ఏళ్లుగా మేము చేతులతోనే పట్టుకుంటున్నాం.” నేను వాదించలేదు. రేకు నేను తెస్తానన్నాను, ఇటుకలు ఆయనవే వాడాం.

స్నానం చేయించండి

కుక్క మచ్చికైనదై, టీకాలు పడినదై ఉంటేనే. మీరు రబ్బరు తొడుగులు, మాస్కు వేసుకోండి. ముందు పొడి బ్రష్‌తో దువ్వకండి, దుమ్ము లేస్తుంది. గోరువెచ్చటి నీళ్లతో పూర్తిగా తడిపి, కుక్కల షాంపూతో రెండుసార్లు రుద్ది కడగండి. వేళ్ల సందులు, పొట్ట, తోక మొదలు మరిచిపోవద్దు. ఒళ్లు ఆరేదాకా నాక్కోకుండా ఒకరు ఆడిస్తూ ఉండాలి. వారానికోసారి చాలు. మధ్యలో రోజూ సాయంత్రం తడిగుడ్డతో పాదాలు తుడవడం స్నానంకన్నా ఎక్కువ మేలు చేస్తుంది, కష్టం కూడా తక్కువ.

లక్షణాలను తేదీ వేసి రాసుకోండి

సీసం రెండు చోట్ల దెబ్బ కొడుతుంది, కడుపులో, మెదడులో. తిండి మానడం, వాంతి, కడుపు ముట్టుకుంటే మూలగడం, విరేచనాలు లేదా మలబద్ధకం ఒక వరస. కారణం లేకుండా మొరగడం, బెదిరిపోవడం, తూలడం, చూపు తగ్గి తలుపుకు గుద్దుకోవడం, దవడలు కొట్టుకోవడం, మూర్ఛ రెండో వరస. కొన్నిటికి మొదటి వరస లేకుండానే రెండోది వస్తుంది.

జింకు అయితే చిగుళ్లు పాలిపోతాయి, కళ్ల తెల్లగుడ్డు పచ్చబడుతుంది, మూత్రం ఎర్రగానో కాఫీ రంగులోనో వస్తుంది. సరిగ్గా ఇవే గుర్తులు పిడుదుల వల్ల వచ్చే బాబీసియా జబ్బులోనూ ఉంటాయి. ప్రతి కుక్కకూ పిడుదులుండే ఊరిలో డాక్టరు దేనిని ముందు అనుకుంటారో చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గుర్తుపట్టకపోవడం, చొంగ కార్చడం, మీద పడటం, మూర్ఛ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది రేబిస్. డిస్టెంపర్ అనే కుక్కల వైరస్ జబ్బులోనూ ఇలాగే ఉంటుంది. ఎంత మచ్చికైన కుక్కయినా అప్పుడు చేతులతో తాకకండి. గది లాంటి చోట మూసి, కుక్కలను పట్టడం తెలిసిన వారిని పిలవండి. కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో పావుగంట సేపు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఇది సీసమేనని మీకు ఎంత నమ్మకమున్నా సరే.

నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు చాలు: తేదీ, ఎంత తిన్నది, ఏమి వింతగా చేసింది, మూత్రం రంగు. మూర్ఛ వస్తే ఫోనులో వీడియో తీయండి. డాక్టరు ముందు అది రాదు.

డాక్టరుకు ఏమి చెప్పాలి, ఏమి అడగాలి

హెబ్బాళలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి గానీ, క్వీన్స్ రోడ్డులోని ప్రభుత్వ పశువైద్యశాలకు గానీ, మీకు దగ్గరలోని క్లినిక్‌కు గానీ తీసుకెళ్లండి. లోపలికి వెళ్లగానే ‘కుక్క తినడం లేదు’ అని మొదలుపెట్టకండి. ‘ఇది బ్యాటరీలు విప్పే చోట పడుకునే కుక్క’ అని మొదలుపెట్టండి. మీరు గీసుకున్న కాగితం, ఆ చోటు ఫొటోలు చూపించండి. మింగిన ముక్క లాంటిదే ఇంకొకటి ఉంటే కవరులో పెట్టి తీసుకెళ్లండి.

తరువాత వీటి గురించి మర్యాదగా అడగండి. మొదటిది కడుపు ఎక్స్‌రే. సీసపు ముక్కయినా, నట్టయినా తెల్లగా వెలిగిపోతుంది, అప్పటికప్పుడే తెలుస్తుంది. ఏమీ కనబడకపోతే సీసం లేదని అర్థం కాదు, పొడి రూపంలో పోయినది ఎక్స్‌రేకు దొరకకపోవచ్చు. రెండోది రక్తపు చుక్కను అద్దం మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూడటం. రక్తహీనత అంతగా లేకపోయినా కేంద్రకం ఉన్న ఎర్రకణాలు కనిపించడం, కణాల్లో నీలి చుక్కలు ఉండటం సీసం వైపు వేలు చూపిస్తాయి. ప్రతి కుక్కలోనూ ఇవి ఉండవు.

మూడోది రక్తంలో సీసం కొలిచే పరీక్ష. నిర్ధారణ దీనితోనే. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో, వడకట్టని పూర్తి రక్తం కావాలి. రక్తంలోని సీసం దాదాపు అంతా ఎర్రకణాల్లోనే ఉంటుంది కాబట్టి సీరం, అంటే కణాలు తీసేసిన ద్రవం, పంపితే ఫలితం తప్పుతుంది. మనుషుల రక్తంలో సీసం కొలిచే ప్రయోగశాలలు నగరంలో ఉన్నాయి, కుక్క నమూనా తీసుకుంటారో లేదో ముందే ఫోనులో కనుక్కోండి. జింకుకు మాత్రం సీరం, అదీ సూక్ష్మ లోహాల కోసం ప్రత్యేకంగా చేసిన ముదురు నీలం మూత గొట్టంలో. మామూలు గొట్టాల రబ్బరు మూతలోనే జింకు ఉండి లెక్క చెడగొడుతుంది.

కాగితం వచ్చాక కొలమానం చూసి చదవండి. డెసిలీటరుకు 35 మైక్రోగ్రాములు, లీటరుకు 350 మైక్రోగ్రాములు, 0.35 పీపీఎం మూడూ ఒకటే. కుక్కలో డెసిలీటరుకు 30, 35 దాటి, లక్షణాలు కూడా ఉంటే సీసపు విషమనే అనుకుంటారు. 60 దాటితే ఇక సందేహానికి తావు తక్కువ. అంకె ఎక్కువైతే జబ్బు ఎక్కువని మాత్రం కాదు. 40 ఉన్న కుక్క మూర్ఛలతో పడిపోవచ్చు, 70 ఉన్నది తోకాడిస్తూ ఉండవచ్చు.

బొచ్చు పరీక్ష చేయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే, వైద్యం కోసం దాని మీద ఆధారపడవద్దు. షెడ్డు కుక్క బొచ్చులో బయటి దుమ్ము కలిసి ఉంటుంది, లోపలిదెంతో విడదీయడం కష్టం.

చికిత్సలో వరస ముఖ్యం. ముందు కడుపులో ఉన్న లోహాన్ని తీయాలి, ఎండోస్కోపీతోనో ఆపరేషన్‌తోనో. తరువాతే రక్తంలోని సీసాన్ని పట్టి మూత్రంలో పంపే మందులు. కాల్షియం డైసోడియం ఈడీటీఏ సూదిమందు ఒకటి, నోటితో వేసే సక్సిమర్ ఇంకొకటి. మందుల దుకాణంలో చీటీ చూపించి తెచ్చేటప్పుడు పేరులో ‘కాల్షియం’ అన్న మాట ఉందో లేదో మీ కళ్లతో చూడండి. ఉత్త డైసోడియం ఈడీటీఏ వేరే మందు. అది రక్తంలోని కాల్షియాన్నే లాగేస్తుంది, గుండె ఆగిపోవచ్చు.

వీటి జోలికి పోకండి

ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించకండి. బ్యాటరీ, ఆసిడ్, పదునైన లోహం మింగిన కుక్కకు వాంతి చేయిస్తే గొంతు రెండోసారి కాలుతుంది, కోసుకుపోతుంది. బొత్తాం బ్యాటరీ మింగిందంటే అది గంటల లెక్క, వెంటనే బయలుదేరండి. పాలు పోస్తే విషం విరుగుతుందనేది మన ఇళ్లలో పాత నమ్మకం, ఒంట్లో చేరిన సీసం పాలకు కదలదు. బొగ్గు పొడి లోహాలను పట్టుకోదు. ‘డిటాక్స్’ అని అమ్మే చుక్కల మందులకు పెట్టే డబ్బు ఎక్స్‌రేకు దాచుకోండి.

మందు కోర్సు అయిపోయాక కుక్క లేచి తిరుగుతుంటే పని అయిపోయిందనుకుంటాం. ఎముకల్లో దాగిన సీసం మెల్లగా రక్తంలోకి దిగి అంకె మళ్లీ పెరుగుతుంది. రెండు, మూడు వారాలకు మరోసారి రక్తం పరీక్ష చేయించాలి. తేదీని షెడ్డులో క్యాలెండరు మీద ఎర్రగా గుండ్రం చుట్టండి. ఈలోగా అది పాత బూడిద మీదికి వెళితే మందు ఖర్చంతా బూడిదలో పోసినట్టే.

మనుషుల సంగతి

కుక్క రక్తంలో సీసం తేలిందంటే ఆ గాలి, ఆ నేల మీదే మీరూ పనిచేస్తున్నారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషి రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు ఉన్నా అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి. ఇంతవరకైతే భద్రమని చెప్పగల మోతాదే లేదు. 2000లో దేశంలో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది గానీ, సీసం కుళ్లిపోయే వస్తువు కాదు, ఒకసారి మట్టిలో పడితే అక్కడే ఉంటుంది. పని బట్టలు ఇంటికి తీసుకెళ్లి పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి. చేతులు కడగకుండా టీ గ్లాసు పట్టకండి. ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలుంటే డాక్టరును అడిగి వాళ్ల రక్తం పరీక్ష చేయించండి. ఈ విషయంలో మన నగరానికి పేరుంది. సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో పనిచేసిన ప్రొఫెసర్ తుప్పిల్ వెంకటేశ్ సీసపు విషంపై జాతీయ కేంద్రాన్ని ఇక్కడే నడిపారు.

కరియ రెండో పరీక్షలో అంకె కాస్త పెరిగింది, ఇంకో విడత మందు పడింది, మూడోదానికి దిగింది. ప్యాలెట్ మీద పడుకోవడానికి దానికి ఇరవై రోజులు పట్టింది. ఆ కాగితాలు తీసుకెళ్లి బ్యాటరీ షాపాయనకు చూపించాను. అంకెలు రెండుసార్లు చదివాడు, కుక్కకు ఎంత ఖర్చయిందని అడిగాడు. తరువాత ఆయన కూడా రక్తం ఇచ్చి వచ్చాడని వాళ్ల కుర్రాడు చెప్పాడు. ఎంత వచ్చిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఆదివారం షాపు ముందు చేతులు కడుక్కోవడానికి సిమెంటు తొట్టి కట్టించాడు.